ఇరవై రెండు పేర్లూ రాయండి

మా బిజినేపల్లి వైపు బడిపిల్లల క్రికెట్ చివరి రౌండుకు వచ్చింది. మిగిలినవి రెండే మ్యాచ్‌లు. ఉమ్మడి జిల్లా ఎంపికలకు పాలమూరు బస్సు ఎక్కేదెవరో ఈ రెండింటితోనే తేలుతుంది. మొన్న ఒక పీఈటీ సారు ఫోన్ చేసి, "మ్యాచ్‌కు ముందు నాలుగు మాటలు రాయాలె సార్. ఎవలు గెలుస్తరో మీరే చెప్పాలె. పేపర్ల చూసుకుంటే పిల్లలు ఖుషీ అయితరు" అన్నారు.

ఈ కాలమ్ చదివేవారికి నా పట్టు తెలిసిందే. బడిపిల్లల ఆట మీద జోస్యం చెప్పకూడదంటాను. పెద్దల మ్యాచ్‌కు ముందుమాట రాయడం ఒక విద్య. పిచ్ ఎలా ఉందో, కిందటి ఐదు ఇన్నింగ్స్‌లో ఎవరెన్ని కొట్టారో, ఎవరి బౌలింగ్‌లో ఎవరు తడబడతారో లెక్క తీయొచ్చు. పిల్లల దగ్గర ఈ లెక్కలేవీ నిలవవు. పదిహేనేళ్ల పిల్లాడు దసరాకు ఒక ఎత్తు, సంక్రాంతికి ఇంకో ఎత్తు. చెయ్యి సాగితే బంతి వదిలే చోటు మారుతుంది. మొన్నటిదాకా చక్కటి లెంగ్త్‌లో వేసినవాడికి ఉన్నట్టుండి బంతి ఎక్కడ పడుతుందో అర్థం కాదు. టెన్నిస్ బంతితో ఊరవతలికి సిక్సర్లు కొట్టినవాడు మ్యాట్ మీద తోలు బంతి ఎగిరొస్తే కాలు కదపలేడు. మ్యాట్‌కు నాలుగు మూలలా మేకులు సరిగ్గా దిగకపోతే అంచు లేస్తుంది, ఆ అంచు మీద పడ్డ బంతి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక అసలు సంగతి, ఎవరు వస్తారన్నది. వట్టెం నవోదయ పిల్లలకు హాస్టలూ బడీ ఒకే ఆవరణలో ఉన్నాయి, నిద్ర లేస్తే గ్రౌండుకు చేరిపోతారు. ఊళ్ల నుంచి జడ్పీ హైస్కూలుకు వచ్చే పిల్లాడి లెక్క వేరు. ఇంట్లో పత్తి ఏరే పని మిగిలి ఉంటే ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ చేనులో ఉంటాడు. పదో తరగతి వాడైతే స్పెషల్ క్లాసులు. ఇవన్నీ తెలిసి ఫలానా జట్టు గెలుస్తుందని ఏ ధైర్యంతో రాస్తాం?

పేరు రాయడంలోనూ ప్రమాదం ఉంది. 2016 జనవరిలో ముంబై దగ్గరి కల్యాణ్‌లో ప్రణవ్ ధనావడే అనే పదిహేనేళ్ల కుర్రాడు ఒకే ఇన్నింగ్స్‌లో 1009 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. 1899లో ఇంగ్లండ్‌లోని క్లిఫ్టన్ కాలేజీలో కాలిన్స్ అనే బాలుడు చేసిన 628 నూటపదహారేళ్లు రికార్డుగా నిలిస్తే, దాన్ని ఇతను దాటేశాడు. దేశమంతా అతని ఇంటి ముందు కెమెరాలు పెట్టింది. తరువాత పరుగులు రాలేదు. రెండేళ్లు తిరక్కముందే, ముంబై క్రికెట్ సంఘం నెలనెలా ఇచ్చే స్కాలర్‌షిప్‌ను ఆ కుటుంబమే వద్దంది. ఆటో నడుపుకునే తండ్రి ఆ మాట అనవలసి రావడం నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

కాబట్టి రాయనని పీఈటీ సారుతో చెప్పేసేవాడినే. కానీ ఆలోచన సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్ మీదికి పోయింది.

2006 నవంబర్. హైదరాబాద్ క్రికెట్ సంఘం నడిపే అండర్-13 స్కూళ్ల లీగ్. సెయింట్ పీటర్స్ హైస్కూల్ ఓపెనర్లిద్దరూ నలభై ఓవర్లలో వికెట్ పడకుండా 721 పరుగులు చేశారు. ఒకరు 324, ఇంకొకరు 320. అప్పటిదాకా ఉన్నది 664, ముంబై ఆజాద్ మైదానంలో 1988 ఫిబ్రవరిలో సచిన్, కాంబ్లీ కలిసి చేసింది. మన హైదరాబాద్ పిల్లలు దాన్ని దాటారు. ప్రపంచమంతా రాసింది, రాయవలసిందే. ఎదుటి జట్టు 21కి ఆలౌట్ అయింది, ఏడు వందల పరుగుల తేడాతో ఓడింది.

నన్ను పట్టి లాగేది ఆ ఎదుటి జట్టే. పదమూడేళ్లు నిండని పిల్లలు నలభై ఓవర్లూ బంతి వెంట ఉరికారు. ఒక్క వికెట్ దక్కలేదు. అయినా రెండు వందల నలభై బంతులూ వేశారు, వదిలేసి పోలేదు. చివరి ఓవర్ వేసిందెవరు? బౌండరీ దగ్గర పొద్దంతా నిలబడ్డదెవరు? ఆ 21 పరుగుల్లో ఎక్కువ కొట్టిందెవరు? రికార్డు చెప్పుకునే చోట ఆ బడి పేరు ఒకసారి వస్తుంది, అంతే. పిల్లల పేర్లు రావు.

ఆజాద్ మైదానం సంగతి చూడండి. ఆ రోజు సచిన్, కాంబ్లీల చేతిలో దెబ్బలు తిన్న సెయింట్ జేవియర్స్ జట్టులో సైరాజ్ బహుతులే అనే లెగ్ స్పిన్నర్ ఉన్నాడు. తరువాత భారత జట్టుకు టెస్టులు ఆడాడు. ఓడిన పక్షం పేర్లు కూడా ఎవరో రాసి పెట్టారు కాబట్టే, ఆ ఎండలో అతను బౌలింగ్ వేశాడని మనకు తెలిసింది.

మన దగ్గర రాసి పెడుతున్నామా? కిందటి రౌండు వార్త జిల్లా పేజీలో చూశాను. ముఖ్య అతిథి పేరుంది, ఆయన వెంట వచ్చినవారి పేర్లున్నాయి, క్రీడాకారులను పరిచయం చేసుకుంటున్న ఫొటో ఉంది. ఆడిన ఇరవై రెండు మందిలో ఒక్కరి పేరూ లేదు. చాలా కోపం వచ్చింది. సరే, గ్రౌండులో స్కోరు బుక్కు అడిగి చూశాను. బ్యాటింగ్ వరసలో మూడో పేరు "రాజు-2". ఆరో పేరు "వట్టెం పిలగాడు". బౌలింగ్ గడుల్లో ఓవర్లు నింపారు, వికెట్లు నింపారు, మూడు చోట్ల బౌలర్ పేరు ఖాళీ. ఒక చోట వరసగా ఆరు చుక్కలు, పక్కన మెయిడెన్ అని ఎం అక్షరం. అంత చక్కటి ఓవర్ వేసిన పిల్లాడెవరో ఆ కాగితం చెప్పలేకపోయింది.

2016 అక్టోబర్‌లో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరు జిల్లాలయ్యాయి గానీ బడి ఆటల ఎంపికలు మాత్రం ఇంకా ఉమ్మడి పాలమూరు లెక్కనే నడుస్తున్నాయి. గద్వాల నుంచి తెల్లవారక ముందే బయలుదేరి వచ్చిన పిల్లాడికి నెట్స్‌లో దొరికేది కాసేపే. ఆ కాసేపట్లో బంతి బ్యాటుకు తగలకపోతే ఇంటికి పోవాలి. ఏడాదంతా ఏం చేశాడో చెప్పే కాగితం ఒకటి చేతిలో ఉంటే సెలెక్టర్ ఇంకో ఓవర్ చూస్తాడు.

అందుకని రాస్తున్నాను. ఎవరు గెలుస్తారో మాత్రం చెప్పను. చూడవలసింది చెబుతాను. పొద్దున మొదటి పది ఓవర్లు, మ్యాట్ మీద కొత్త బంతి ఎగిరేటప్పుడు ఏ జట్టు ఓపెనర్లు బంతిని వదిలేయగలుగుతారో చూడండి. బడిపిల్లల్లో బంతిని వదిలేయడం వచ్చినవాడు అరుదు, వాడి పేరు తప్పక అడిగి తెలుసుకోండి.

పీఈటీ సార్లకు ఒక విన్నపం. టాస్ వేయకముందే స్కోరు బుక్కులో ఇరవై రెండు మంది పేర్లూ బడి రిజిస్టరులో ఉన్నట్టు ఇంటిపేరుతో, ఊరి పేరుతో రాయించండి. మ్యాచ్ అయ్యాక రెండు పేజీలూ ఫోన్‌లో ఫొటో తీసి నాకు పంపండి. వచ్చే వారం ఈ కాలమ్‌లో నా మాటలు తగ్గించుకుని, గెలిచినవాళ్లవీ ఓడినవాళ్లవీ స్కోర్లు పూర్తిగా వేస్తాను.