‘కాపీ’ అనే ముందు

ఈ మధ్య ఒక కొత్త నవల మీద సమీక్ష రాసి పంపాను. అందులో ఒక వాక్యం: “ఇది ఫలానా నవలకి కాపీ.” సంపాదకుడు ఒక్కటే అడిగారు: “చూపించగలరా?” రెండూ చదివాక కలిగిన అనుమానం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

మొదట కోపం వచ్చింది. విమర్శకుడికి ఆ మాత్రం స్వేచ్ఛ లేదా? యండమూరి ‘తులసిదళం’లోని చేతబడి మీద మండిపడి రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని రాయలేదా? ఆ విమర్శ పరువు నష్టం కేసు దాకా వెళ్ళిందని కూడా అప్పుడే గుర్తొచ్చింది. సరే, చట్టం ఏమంటుందో చూద్దామని కూర్చున్నాను.

1860 నాటి శిక్షాస్మృతి 499వ సెక్షన్‌కి (ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356) కొన్ని మినహాయింపులున్నాయి. ఒకటి అచ్చంగా మనకోసమే. పుస్తకం అచ్చేసినవాడు దాన్ని పాఠకుల తీర్పుకి వదిలినట్టే లెక్క. ‘ఈ పుస్తకం అసభ్యంగా ఉంది, రాసినవాడి మనసు అలాంటిదే’ అని సద్భావంతో అంటే తప్పు కాదు. ‘మనిషే అలాంటివాడు, పుస్తకం ఇలా ఉండక ఏమవుతుంది?’ అంటే మాత్రం రక్షణ లేదు. పుస్తకం నుంచి మనిషి దగ్గరికి వెళ్ళొచ్చు గానీ, మనిషి నుంచి పుస్తకానికి రాకూడదన్నమాట.

కానీ ‘కాపీ’ అనేది అభిప్రాయం కాదు. ఇతను అక్కడ తీసుకుని ఇక్కడ పెట్టాడు అని చెప్పడం. నిజమైతే, అది జనహితం కోసం చెప్పిందైతే చట్టం ఒప్పుకుంటుంది. రుజువు చెయ్యాల్సింది మాత్రం అన్నవాడే.

ఏది కాపీ అనేదానికి ఆర్.జి. ఆనంద్ కేసులో (1978) సుప్రీంకోర్టు ఒక కొలత ఇచ్చింది. ప్రాంతీయ దురభిమానం మీద తను రాసిన ‘హమ్ హిందుస్తానీ’ నాటకాన్నే ‘న్యూ ఢిల్లీ’ సినిమాగా తీశారని రచయిత ఫిర్యాదు. కోర్టు ఒప్పుకోలేదు. ఇతివృత్తం ఎవరి సొత్తూ కాదు, దాన్ని చెప్పిన తీరే రచయితది. రెండూ చూసినవాళ్ళకి ఇది దానికి నకలే అని తిరుగులేకుండా అనిపించాలి అంది. అంటే నాకు కలిగిన ‘అనిపించడం’ పనికిమాలినదేం కాదు. అది దేన్ని చూసి కలిగిందన్నదే ప్రశ్న.

ఆదివారం మామిడిపల్లిలో ఇంట్లో రెండు నవలలూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఆఫీసులో రెండు ఫైళ్ళకి డిఫ్ తీసినట్టు, అధ్యాయం పక్కన అధ్యాయం. మూడు సన్నివేశాలు అదే వరుసలో కలిశాయి. సంభాషణలు ఒక్కటీ కలవలేదు. పైగా మూడో సన్నివేశంలో, తండ్రి ఇల్లు అమ్మేచోట, కొత్త రచయితే బాగా రాశాడు. మొదటి సమీక్షలో ఆ సంగతే లేదు. ‘కాపీ’ అని తేల్చేశాక ఇక ఆ పేజీలు సరిగా చదవనేలేదు.

ఆ మాట కొట్టేశాను. మూడు సన్నివేశాలూ పేజీ నంబర్లతో సహా రాశాను, మూడోది ఎందుకు బాగుందో కూడా. సమీక్ష రెండింతలైంది. ఇప్పుడు సంపాదకుడు అడిగితే చూపించగలను.