కవరు మీద తేదీ లేదు

ఈ వారం ఒక పాఠకుడు పంపిన ఫొటో చూసి మొదట నాకు చిరాకేసింది. ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు. ఆదోని దగ్గర వాళ్ల ఊళ్లో, డాబా మీద ఫోనును ఇటుకకు ఆనించి నాలుగు నిమిషాల్లో పాలపుంతను పట్టేశాడు. "ఎలా ఉంది సార్?" అని కింద రాశాడు. బాగుంది. నా బాధంతా అదే. ఆకాశం అంత సులువుగా చిక్కకూడదని నేను ఎన్నేళ్లుగా వాదిస్తున్నానో ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు.

నా దగ్గరున్నది వాగీశ్వరి. అలెప్పీలో తయారైన చెక్క కెమెరా. నాకు ఫొటోలు తీయడం నేర్పిన మాస్టారు తన స్టూడియో మూసేస్తూ నా చేతిలో పెట్టారు. వెనక పలకను వడ్రంగి చేత మార్పించి 4×5 అంగుళాల ఫిలిం పట్టేలా చేసుకున్నాను. ఆ ఒక్క షీటు 35 ఎంఎం ఫ్రేముకు దాదాపు పదిహేను రెట్లు ఉంటుంది.

ఒక చలికాలం దాన్ని హార్స్‌లీ కొండ మీదికి మోసుకెళ్లాను. నల్లగుడ్డ కప్పుకుని చూస్తే వెనక గరుకు అద్దం మీద చుక్కలు ఆనవు. అందుకని పొద్దు గుంకగానే మదనపల్లె వైపు దూరాన వెలిగిన దీపం మీద ఫోకస్ చేసి, బెలోస్ కదలకుండా మర బిగించేశాను. రాత్రి చెమ్మ పీల్చి ఫిలిం హోల్డర్లోనే ఉబ్బుతుంది. షట్టర్ తెరిచాక ఉబ్బితే చుక్కల గీతలు జంటలుగా పడతాయి. డార్క్ స్లైడు లాగేసి, లెన్సు మూసే ఉంచి పది నిమిషాలు ఆగమని మాస్టారు చెప్పేవారు. లెన్సుకు మంచు పట్టకుండా వేడి ఇసుక మూట కట్టడం కూడా ఆయన నేర్పిందే.

ఆ తర్వాత షట్టర్ తెరిచి గంటన్నర కూర్చున్నాను. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక తూర్పున పిల్లలకోడి 22 డిగ్రీలకు పైగా వంపు గీసుకుంటూ పైకెక్కింది. ఎక్కువసేపు వెలుగు తగిలేకొద్దీ ఫిలిం మొద్దుబారుతుంది. ఫుజీ వారి యాక్రోస్ 100 మాత్రం రెండు నిమిషాల దాకా మొద్దుబారదు, అందుకే అదంటే నాకు ప్రాణం. చుక్క ఒకచోట నిలవదు కాబట్టి దానికి ఈ నష్టం అంటదు. కదలకుండా కూర్చున్న కొండ అంచు మాత్రం అనుకున్నదానికంటే చీకటిగా వస్తుంది. రాత్రంతా కలిపి నాలుగు షీట్లు తీస్తే రెండు దక్కాయి. వాటిలో ఒకదాని ప్రింటు ఇప్పటికీ మా గోడ మీద ఉంది.

కుర్రాడి ఫొటో పక్కన దాన్ని వేసి, తేడా మీరే చూడండని ఈ కాలమ్ ముగిద్దామనుకున్నాను. అందుకే దాని నెగటివ్ తీసి లైటు మీద పెట్టి భూతద్దంతో వెతికాను. పిల్లలకోడి వంపులను అడ్డంగా కోస్తూ సన్నని తిన్నని గీత ఒకటుంది. ఇన్నేళ్లూ నా కంట పడలేదు.

కుర్రాడి ఫొటోలోనూ అలాంటి గీతే ఉంది. తీసిన తేదీ, నిమిషంతో సహా వేళ, ఊరి అక్షాంశ రేఖాంశాలు ఫోనే రాసిపెట్టింది కనుక అది ఏ ఉపగ్రహమో వెతికి పట్టుకుని నాకు చెప్పాడు. మరి నాది ఉల్కా? విమానమా? ఉపగ్రహమా? కవరు మీద నా దస్తూరీలో ఉన్నది రెండే మాటలు: హార్స్‌లీ, చలికాలం. నేను ఆ కొండకు రెండు చలికాలాలు వెళ్లాను.

అప్పుడు బేగంపేట గుర్తొచ్చింది. ఆకాశం మొత్తాన్ని గాజు పలకల మీద ఫొటో తీయాలని 1887లో పారిస్‌లో మొదలైన పథకంలో అక్కడి మన నిజామియా వేధశాలకూ వంతు దక్కింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మనది. 8 అంగుళాల కుక్ టెలిస్కోపుతో 1914లో పని మొదలైంది. వేధశాల డైరెక్టరు పోకాక్ తర్వాత టి.పి. భాస్కరన్ ఆ పనిని నడిపించారు. ఏడున్నర లక్షలకు పైగా చుక్కల స్థానాలు కొలిచి గ్రంథాలుగా అచ్చువేశారు. ఆ పథకంలో తలపెట్టిన ఆకాశ పటాలు ఎన్నడూ పూర్తికాలేదు. ఆ కొలతలు మాత్రం నిలిచాయి. హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన స్థానాలను ఆ పాత స్థానాలతో పోల్చి, ఒక్కో చుక్క ఇన్ని దశాబ్దాల్లో ఎంత జరిగిందో లెక్కకట్టారు. అలా 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల చుక్కలున్నాయి. బేగంపేట కొలతలూ ఆ లెక్కలోకి చేరాయి.

పలక ఏ రాత్రి వెలుగు చూసిందో తెలియకపోతే ఆ లెక్క కుదరదు. చుక్క ఎంత జరిగిందో తెలిసినా ఎన్నేళ్లలో జరిగిందో చెప్పలేం. పెద్ద ఫిలిం, మంచి లెన్సు, ఓపిక అన్నీ ఉండి కూడా నా షీటు ఆకాశం గురించి సాక్ష్యం చెప్పలేదు. నాలుగు నిమిషాల ఫోను ఫొటో చెబుతుంది. ఈ పోటీలో ఆ కుర్రాడిదే గెలుపు. అసలు ఫైలును ఏమీ మార్చకుండా దాచుకోమని అతనికి జవాబు రాశాను.

మీ ఇంట్లో పాత నెగటివ్‌లుంటే, తీసినవాళ్లు ఇంకా మీ మధ్య ఉంటే, ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చోండి. ఒక్కో కవరు మీదా తేదీ, వేళ, ఊరి పేరు అడిగి పెన్సిలుతో రాయండి.