కళ్ళు పోవు, సీసా పేలుతుంది

"కళ్ళేమీ పోవు కదరా?" అంది మా అమ్మ, గరాజ్ బయట స్టవ్ మీద పెట్టిన 30 లీటర్ల స్టీలు గంగాళంలోకి తొంగిచూస్తూ. తెనాలి నుంచి ఆస్టిన్ వచ్చిన నాలుగో రోజది. ఆమె భయంలో తప్పేం లేదు. ఇంట్లో కాచిన మందంటే మనకు గుర్తొచ్చేది బెల్లం ఊట, బట్టీ, కల్తీసారా చావులు. నేను చేస్తున్నది బీరు. రెండూ ఒకటి కావని చెప్పడానికి ఆ సాయంత్రం చాల్లేదు.

అమ్మ భయపడ్డ విషం మిథనాల్. పులిసేటప్పుడు అది పుట్టేది ముఖ్యంగా పళ్ళలో ఉండే పెక్టిన్ నుంచి. బార్లీలో ఆ పెక్టిన్ చాలా తక్కువ కాబట్టి బీరులో మిథనాల్ ఉన్నా లేనట్టే. మూకుమ్మడి చావులకు ఎక్కువసార్లు కారణం, లాభం కోసం ఎవడో పారిశ్రామిక మిథనాల్‌ను సారాలో కలపడం. నేను బట్టీ పెట్టడం లేదు. పెట్టడానికి చట్టం దశాబ్దాలపాటు ఒప్పుకోలేదు కూడా. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేశాక కూడా ఇంట్లో బీరు చేసుకోవడం నేరంగానే మిగిలింది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెడితే మరుసటి ఏడాది ఫిబ్రవరి నుంచి ఆ అడ్డు తొలగింది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు చేసుకోవచ్చు, అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజు కేసే. ఇది చదివి మేడమీద మొదలుపెట్టకండి.

బీరు తనను తాను కాపాడుకుంటుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలగ్గొట్టి 65 డిగ్రీల నీళ్ళలో గంటసేపు నానబెడితే పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీళ్ళే వోర్ట్. దాన్ని హాప్స్ అనే చేదు పూలు వేసి గంట మరిగిస్తాం. చల్లార్చి ఈస్ట్ వేస్తే ఆల్కహాల్ పుడుతుంది, పులుపు పెరుగుతుంది, హాప్స్ చేదు చాలా బాక్టీరియాను అణిచిపెడుతుంది. మనిషికి జబ్బు చేసే క్రిములకు అందులో బతుకు లేదు. ఏ పులుపు క్రిమో దూరితే బీరు పాడవుతుంది, పారబోస్తాం, అంతే.

అసలు సందు మధ్యలో ఉంది. మరిగి చల్లారిన వోర్ట్‌కు ఇంకా ఈస్ట్ పట్టని సమయమది. తీపి ఉంది, పులుపు చాలదు, గాలి లేదు. వేడి వోర్ట్‌ను డబ్బాలో బిగించి, తీరిక దొరికినప్పుడు ఈస్ట్ వేద్దామని రోజుల తరబడి వదిలేసేవాళ్ళున్నారు. బొట్యులిజం తెచ్చే బీజాలు మరుగుకు చావవు, వాటికి అలాంటి చోటే కావాలి. నేను అదే పూట చల్లార్చి అదే పూట ఈస్ట్ వేస్తాను. ఇది అమ్మకు వేరే చెప్పక్కర్లేకపోయింది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి కదా. గొట్టం, మూత, గరిటె అన్నీ శానిటైజర్‌లో ముంచి తీయడం చూసి, "మడి కట్టుకున్నావన్నమాట" అంది. ఒక్కటే జాగ్రత్త: ఆ శానిటైజర్లు చాలావరకు ఆమ్లాలు. బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

ఇక పొయ్యి దగ్గర. వోర్ట్ మొదటిసారి మరిగేటప్పుడు పాలలాగే పొంగుతుంది. పాలైతే పొయ్యి ఖరాబవుతుంది. ఇది చక్కెర పాకం, కాలిమీద పడితే అతుక్కుని కాలుస్తుంది. హాప్స్ గుప్పెడు వేయగానే మళ్ళీ ఒక్క ఉదుటున లేస్తుంది. మంట తగ్గించి వెయ్యాలి, చెప్పులు కాదు బూట్లు వేసుకోవాలి. ప్రొపేన్ స్టవ్ ఆరుబయటే పెట్టాలి. చలికి గరాజ్‌లోకి లాక్కుని తలుపు సగం తెరిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఊరుకోదు. మిగిలిన హాప్స్ పిప్పి కుక్కకు అందనివ్వకూడదు. తింటే ఒళ్ళు కాలిపోయేంత జ్వరమొచ్చి ప్రాణం మీదికొస్తుంది.

19 లీటర్లు పులిసేటప్పుడు నా లెక్కన 400 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలి ఆడే గదికి అదో లెక్క కాదు. నేలమాళిగలో, మూతబిగించే ఫ్రీజర్ పెట్టెలో మాత్రం అడుగున పేరుకుంటుంది. పాడుబడ్డ బావిలోకి దిగేముందు మా ఊళ్ళో దీపం దింపి చూసేవాళ్ళు. దీపం ఆరితే దిగకూడదు సరే, ఆరకపోతే క్షేమమని మాత్రం కాదు.

నా గుణపాఠం సీసాలతో వచ్చింది. మొదటి వేసవిలో బుడగలు ఆగాయని ఆరో రోజే సీసాలకు పట్టేశాను. చక్కెర ఇంకెంత మిగిలిందో సాంద్రతను బట్టి చెప్పే హైడ్రోమీటరు 1.018 చూపించింది. రెసిపీలో దిగాల్సింది 1.012. ఏసీ చల్లదనానికి ఈస్ట్ ముడుచుకుని పడుకుందే గాని, పని ముగించలేదు. నేనేమో నురగ కోసం లెక్క ప్రకారం చక్కెర కలిపి, మూతలు బిగించి, జూలై ఎండలో గరాజ్‌లో పెట్టాను. ఈస్ట్ లేచింది. హైడ్రోమీటరు మీద ఒక్కో గీత దిగినప్పుడల్లా, అంటే 0.001కి, సీసాలో దాని సైజులో సగమంత గ్యాస్ అదనంగా చేరుతుంది. ఆరు గీతలంటే మూడు సీసాలంత గ్యాస్. మామూలు బీరులో మొత్తం ఉండేదే రెండున్నర. అర్ధరాత్రి మూడు సీసాలు ఒకదాని వెనక ఒకటి పేలాయి. పొద్దున చూస్తే అట్టపెట్టె లోపలివైపు గాజుముక్క లోతుగా దిగబడి ఉంది. అక్కడ నా మొహం ఉండాల్సిన వేళ కాదు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు మూడు రోజుల ఎడంలో రెండుసార్లు కొలిచి, అదే అంకె వస్తేనే సీసాలు తీస్తాను. చక్కెర చెంచాలతో కాకుండా తూకంతో, 19 లీటర్లకు 115 గ్రాములు, నీళ్ళలో మరిగించి మొత్తంలో కలుపుతాను. పల్చటి సీసాలు వాడను. పెద్ద గాజు జాడీలూ మానేశాను: నిండితే పాతిక కిలోలు, తడిచేతుల్లోంచి జారితే నరాలు తెగుతాయి. మొత్తం సీసాల్లో ఒకటి మాత్రం ప్లాస్టిక్ సోడా సీసా నింపుతాను. లోపల ఒత్తిడి ఎంతుందో బొటనవేలే చెబుతుంది.

ఆ సీసాను అమ్మ రోజూ పొద్దున్నే మామిడిపండు నొక్కినట్టు నొక్కి చూసేది. ఒక్క గుక్కైనా తాగదు. సీసాలకు పట్టిన తొమ్మిదో రోజు కాఫీ కలుపుతూ వంటింట్లోంచే కేకేసింది: "ఒరేయ్, రాయిలా బిగిసింది. ఇక ఫ్రిజ్‌లో పెట్టెయ్."