తీసుకెళ్లని రాయి

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో డోర్సెట్‌ను ఆనుకుని పోర్ట్‌లాండ్ అనే రాతి దీవి ఉంది. దాని పడమటి కొండ అంచున ఉన్న టౌట్ క్వారీలో పని 1982లో ఆగిపోయింది. మరుసటి ఏడాది నుంచి శిల్పులు వచ్చి, మిగిలిపోయిన బండల్లోనే బొమ్మలు చెక్కుతున్నారు. ఆంటొనీ గోర్మ్‌లీ చెక్కిన, తలకిందులుగా పడిపోతున్న మనిషి కూడా అక్కడే ఉన్నాడు. నేను మాత్రం ఎక్కువసేపు గోడల దగ్గరే నిలబడిపోయాను.

అవి పనికిరాని రాయితో కట్టిన గోడలు. అక్కడ మంచి సున్నపురాయి అడుగు పొరల్లో ఉంటుంది. పైనున్న మట్టి, పనికిరాని రాయి తొలగిస్తేనే అది చేతికందుతుంది. తొలగించిన దానిలో కొంత సముద్రం వైపు వాలులో పోశారు. మిగతాదాన్ని సున్నం కలపకుండా ఒడుపుగా పేర్చి, రాయి మోసే బండ్ల దారులకు అటూ ఇటూ గోడలు లేపారు. 1854లో కట్టిన లానో కమాను ఇప్పటికీ నిలిచే ఉంది. పారేయాల్సిన రాయి మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లు మంచి రాయిని ఎలా చూసుకుని ఉంటారో!

మంచి రాయిని మందు పెట్టి పేలిస్తే లోపల బీటలు వారుతుంది. రాతిలో పుట్టుకతో ఉన్న చీలికలు కనిపెట్టి, గుంటలు తొలిచి, ఇనుప చీలలు దిగ్గొట్టి నెమ్మదిగా విడదీయాలి. మన వడ్డెర్లూ బండను అలాగే చీలుస్తారు. ప్రాణభయమూ ఎక్కడైనా ఒకటే. కుందేళ్ల బొరియల వల్ల కొండ విరిగిపడుతుందని ఆ దీవి పాతకాపులు కుందేలు పేరే ఎత్తరు. 2005లో కుందేలు కథతో వచ్చిన ఓ సినిమాకు ఆ దీవిలో పోస్టర్ మార్చి వేశారు. పొట్టకూటి కోసం కొండ కింద నిలబడ్డవాళ్ల భయం అది. దాన్ని మూఢనమ్మకమని తీసిపారేయలేను.

పోర్ట్‌లాండ్ రాయితోనే క్రిస్టఫర్ రెన్ లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కట్టాడు. బ్రిటిష్ మ్యూజియం ముఖద్వారపు స్తంభాలూ ఇదే రాయి. ఆ స్తంభాలు దాటి లోపలికెళితే పల్నాటి సున్నపురాయిలో చెక్కిన మన అమరావతి శిల్పాలు కనిపిస్తాయి. 1845లో వాటిలో చాలావాటిని తవ్వించిన వాల్టర్ ఎలియట్ పేరుతోనే ఆ శిల్పాలను చాలాకాలం పిలిచారు. పల్నాట్లో ఆ పలకలను పొర చెడకుండా లేపిన చేతులెవరివో ఎవరూ రాసిపెట్టలేదు. నాకది పెద్ద లోటుగా తోస్తుంది.

లండన్ వెళ్లే తెలుగువాళ్లు చాలామంది ఆ శిల్పాలు చూసే వస్తారు. వాటర్లూ స్టేషన్ నుంచి వేమౌత్‌కు రైలుంది, అక్కడినుంచి పోర్ట్‌లాండ్‌కు బస్సు. వీలైతే ఓ రోజు అటు కూడా వెళ్లండి. క్వారీలో నడిచేటప్పుడు బొమ్మలతో పాటు, దారి పక్క గోడల్లో రాయి మీద రాయి ఎలా కూర్చుందో కాస్త ఆగి చూడండి.