పంటి కుర్చీ భయానికి మాటల వైద్యం

పంటి వైద్యుడి దగ్గరకు వెళ్లాలంటే కలిగే భయం చాలావరకు అనుభవం నేర్పినదే గనుక, మనసుకు కొత్త అనుభవాన్ని క్రమంగా అలవాటు చేసి దాన్ని తగ్గించవచ్చని మానసిక శాస్త్రం చెబుతుంది. చిన్నతనంలో మత్తు సరిగా ఎక్కకముందే పన్ను పీకించుకున్న మనిషికి ఆ నొప్పితోపాటు మందు వాసన, డ్రిల్లు చప్పుడు, వెనక్కి వాలే కుర్చీ కూడా ప్రమాద సూచనలుగా మనసులో నాటుకుపోతాయి. ఆ తరువాత ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేసిన ప్రతిసారీ కలిగే ఊరటే భయానికి మేతై దాన్ని మరింత బలపరుస్తుంది. శాస్త్రజ్ఞులు పరిహరణ అని పిలిచే ఈ తప్పించుకునే అలవాటు వల్ల పిప్పి ముదిరి, ముదిరిన పిప్పికి పెద్ద చికిత్స అవసరమై, ఆ చికిత్స తలంపే భయాన్ని ఇంకా పెంచుతుంది.

1955లో సోవియట్ సహకారంతో ఒప్పందం కుదిరిన భిలాయి ఉక్కు కర్మాగారం నిర్మాణ కాలంలో కూలీల బసగా వెలసి, తరువాత శాశ్వత బస్తీగా మారిన క్యాంప్ 2లో ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. పొగాకును బెల్లపు మడ్డితో కలిపి పళ్లకు రుద్దుకునే గుడాఖు అలవాటు ఛత్తీస్‌గఢ్‌లో విస్తృతంగా ఉండగా, ఇక్కడికి వలస వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలకు పుట్టినిల్లయిన ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పును నోటి లోపల ఉంచి కాల్చే అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు కారణమవుతున్నట్టు పరిశోధకులు ఏనాడో గుర్తించారు. పొగాకు తాకిన నోటిలోని తెల్లమచ్చను, మానని పుండును తొలిదశలోనే పసిగట్టే అవకాశం పంటి వైద్యుడికి ఉంటుంది కాబట్టి, ఆయన గదికి దూరంగా ఉంచే భయం పంటితోపాటు ప్రాణానికీ ముప్పు తేగలదు.

ఈ భయాన్ని కొలవడానికి నార్మన్ కోరా 1969లో నాలుగు ప్రశ్నల కొలమానాన్ని రూపొందించగా, 1995లో హంఫ్రిస్ బృందం మత్తు సూది గురించిన అయిదో ప్రశ్నను చేర్చింది. 5 నుంచి 25 వరకు ఉండే ఆ మార్కులలో 19 గానీ అంతకు మించి గానీ వస్తే భయం తీవ్రమైనదని భావిస్తారు. రెండు నిమిషాలలో ముగిసే ఈ ప్రశ్నలను నోరు తెరవమనే ముందే అడిగితే, రోగి సిగ్గుతో దాచుకున్నది వైద్యుడికి తెలుస్తుంది.

చికిత్సకు మూలసూత్రాన్ని జోసెఫ్ వోల్పే 1958లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు: శరీరం సడలి ఉన్న స్థితిలో, అతి తక్కువ భయపెట్టే దానితో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పైకి వెళ్లడమే ఆ పద్ధతి. మొదట ఆసుపత్రి వరండాలో కూర్చోవడం, తరువాత ఖాళీ కుర్చీలో వాలడం, ఆపై చిన్న అద్దాన్ని నోట పెట్టనివ్వడం, చివరకు డ్రిల్లు చప్పుడు వినడం అన్న వరుసలో, ఒక మెట్టు మీద భయం దిగివచ్చాకే తరువాతి మెట్టుకు సాగుతారు. ఎడమచెయ్యి ఎత్తితే వైద్యుడు వెంటనే ఆపాలన్న ఒప్పందం రోగికి జరిగేది తన అదుపులోనే ఉందన్న ధైర్యాన్నిస్తుంది. సూదిని, రక్తాన్ని చూడగానే రక్తపోటు పడిపోయి సొమ్మసిల్లేవారికి మాత్రం సడలింపు పనికిరాదు కనుక, చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను బిగించి వదలడం నేర్పుతారు.

సీబీటీ అని పిలిచే ఆలోచనా-ప్రవర్తనా చికిత్స దీనికి తోడుగా తప్పుడు నమ్మకాలనూ పరీక్షకు పెడుతుంది. పై పన్ను తీయిస్తే చూపు పోతుందన్న భయం మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. పళ్లకు స్పర్శనిచ్చే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు అన్న వాస్తవాన్ని ఓపికగా వివరిస్తే ఆ నమ్మకం పట్టు సడలుతుంది. లండన్ కింగ్స్ కాలేజ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ చికిత్స పొందినవారిలో 79 శాతం మంది నిద్రమత్తు మందు లేకుండానే పంటి వైద్యం చేయించుకోగలిగారు.

మాటలతో జరిగే వైద్యం రోగి హృదయానికి దగ్గరైన భాషలో జరిగినప్పుడే పూర్తిగా ఫలిస్తుందన్నది ఈ కాలమ్ గట్టి నమ్మకం. సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి, రుంగ్టా దంత వైద్య కళాశాల ఉన్న భిలాయిలో, హిందీలో తన భయాన్ని చెప్పుకోలేని తెలుగు అమ్మమ్మ వెంట మనవడో మనవరాలో వెళ్లి ఆమె మాటను వైద్యుడికి చేర్చడం చికిత్సలో భాగమే. మానసిక సహాయం కోరేవారికి పలు భారతీయ భాషలలో ఉచితంగా పలికే టెలి మానస్ నంబరు 14416 కూడా అందుబాటులో ఉంది. వైద్యులు ముందుగా భయాన్ని అడగాలి, రోగులు దాన్ని దాచకుండా చెప్పాలి. పన్ను నొప్పి పుట్టేదాకా ఆగకుండా, నొప్పి లేని రోజునే తొలిసారి ఆ గది గడప దాటాలి.