ఇంగ్లీషులోని విడివడు క్రియలు: మన గైడుల బోధనపై విమర్శ

మన యింగ్లీషు చదువులో నొక వింత కలదు. పదవ తరగతి విద్యార్థిని 'ఎక్స్‌టింగ్విష్' అనగా నేమని యడిగినచో 'ఆర్పుట' యని తడుముకొనక చెప్పును. 'పుట్ ఇట్ ఔట్' అనగా నేమని యడిగినచో 'దానిని బయట పెట్టుము' అనును. పెద్దమాట వచ్చినది, చిన్నమాట రాలేదు. ఇంగ్లీషు తల్లి తన బిడ్డకు మొదట నేర్పునది చిన్నమాట. మనము మన బిడ్డలకు మొదట నేర్పునది పెద్దమాట. ఈ తారుమారునకు గారణము విద్యార్థి మందబుద్ధి కాదు. మనము వాని చేతికిచ్చిన పుస్తకములు. ఆ పుస్తకములను గూర్చియే యీ వ్యాసము.

క్రియకు 'అప్', 'డౌన్', 'ఇన్', 'ఔట్', 'ఆన్', 'ఆఫ్' మొదలగు చిన్నమాట తోడై క్రొత్త యర్థమునిచ్చుట ఇంగ్లీషు స్వభావము. ఇట్టి జంటలను నేడు ఫ్రేజల్ వెర్బు లనుచున్నారు. ఈ పేరు లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో బ్రకటించిన గ్రంథమువలన వ్యాప్తి నొందినది. దానిని సూచించినవాడు నిఘంటుకర్తయగు హెన్రీ బ్రాడ్లీ యని స్మిత్తే చెప్పెను. పేరు క్రొత్తదైనను చిక్కు ప్రాతదే. డాక్టరు జాన్సను 1755లో తన నిఘంటువునకు వ్రాసిన పీఠికలో, క్రియ వెనుక చిన్నమాట చేరి యర్థమును మార్చు నీ పద్ధతి విదేశీయుల కన్నిటికంటె నెక్కువ కష్టమిచ్చునని గుర్తించి, యట్టివానిని శ్రద్ధతో నేరి కూర్చితినని చెప్పుకొనెను. ఆ చిన్నమాటను నే నిచ్చట 'తోడుమాట' యందును.

ఇక మన గైడుల తీరు చూడుడు. ఒక పట్టిక, ఎడమవైపున నింగ్లీషు, కుడివైపున దెలుగు. 'పుట్ ఆఫ్' వాయిదా వేయుట, 'పుట్ ఔట్' ఆర్పుట, 'పుట్ ఆన్' ధరించుట, 'పుట్ అప్ విత్' సహించుట. విద్యార్థి యీ వరుసలను ఎక్కముల వలె వల్లించి, పరీక్షలో నప్పగించి, మరునాడు మరచును. ఈ పట్టికలలో నాకు మూడు లోపములు కనబడుచున్నవి. అర్థ మేల వచ్చినదో చెప్పకుండుట మొదటిది. కర్మపద మెచ్చట గూర్చుండునో చెప్పకుండుట రెండవది. ఊనిక యే మాటపై బడునో చెప్పకుండుట మూడవది. ఈ మూడును చెప్పని పుస్తకము తాళముచెవి చూపి తలుపెక్కడనో చెప్పని వానివంటిది.

మొదటి లోపమును విచారింతము. తోడుమాట చేరి ధాత్వర్థము మారుట భారతీయునకు గ్రొత్త కాదు. 'హృ' ధాతువొక్కటే, ఆహారము, విహారము, సంహారము, ప్రహారము, పరిహారము అని యుపసర్గ మారినకొలది యర్థము మారుచున్నది. విహారమునకు బోయినవాడు సంహారమునకు బోయెనని యెవ్వడును భ్రమపడడు. 'పుట్' అను నొక్క క్రియ 'ఆఫ్'తో నొకటియు 'ఔట్'తో వేరొకటియు నగుట యిట్టిదే. అంతేకాదు. ఉపసర్గము ధాతువునకు ముందుండవలెనని విధించిన పాణిని, అష్టాధ్యాయి మొదటి యధ్యాయము నాల్గవ పాదములో, వేదభాషయం దది ధాతువునకు వెనుకను రావచ్చుననియు, నడుమ నితర పదములు చొరగా దూరముగ నుండవచ్చుననియు వెంటనే చెప్పెను. లౌకిక సంస్కృతమున నతుకుకొనిపోయిన యుపసర్గ వేదమున స్వేచ్ఛగా దిరిగినది. జర్మను భాషలో నేటికిని నిట్టి సంచారము కలదు. టెలిఫోనులో బిలుచుట కా భాషలో 'ఆన్‌రూఫెన్' అందురు. వాక్యములో 'ఆన్' విడివడి చివరకు బోవును. కావున నింగ్లీషు క్రియ విడివడుట యొక యవకతవక కాదు. ఒక ప్రాచీన కుటుంబ లక్షణము. ఈ నాలుగు మాటలు సంస్కృతమెరిగిన యుపాధ్యాయుడు చెప్పకున్న మరెవ్వరు చెప్పుదురు?

తెలుగునుండి దారి యింకను దగ్గర. 'పారవేయు', 'ఆర్పివేయు', 'విడిచిపెట్టు', 'కూలిపోవు' అని మన మందుము. ఇందు అసలర్థము మొదటి ముక్కలో నున్నది. వేయు, పెట్టు, పోవు అనునవి తమ సొంత యర్థమును జాలవరకు వదలుకొని తోడుగా నిలిచినవి. పారవేయునపుడు వేయుట లేదు, కూలిపోవునపుడు పోవుట లేదు. ఇంగ్లీషులో నిదే యద్దములో బ్రతిబింబమువలె తిరుగబడినది. అచ్చట తేలికైన క్రియ ముందు వచ్చును: పుట్, టేక్, టర్న్, గెట్, గివ్. బరువైన యర్థము వెనుకనున్న తోడుమాటలో నుండును. మనవాడు తెలుగలవాటున మొదటి ముక్కను బట్టుకొని యర్థము తీయబోయి బోల్తా పడుచున్నాడు. 'పుట్' పట్టుకొన్నచో 'పెట్టుట'యే దొరకును. 'ఔట్' పట్టుకొన్నచో మంట లేకపోవుట స్ఫురించును.

ఈ రహస్యమును మన గైడులు కనుగొనలేదు గాని, బడి మెట్లెక్కని మన జనులు కనుగొనిరి. ఫ్యాను 'ఆన్ చేయి', లైటు 'ఆఫ్ చేయి' అనుచున్నారు. ఇంగ్లీషువాని 'టర్న్ ఆన్', 'స్విచ్ ఆఫ్' అను జంటలలో క్రియను వదలి తోడుమాటను మాత్రమే తెచ్చుకొని, దానికి మన 'చేయు'ను దగిలించిరి. సారమెచ్చట నున్నదో వారి చెవికి దెలిసినది. అవధి లేని యీ లోకజ్ఞానమును 'తప్పు భాష' యని యీసడించుటకు బదులు, పాఠమును దీనితోనే యారంభించినచో నెంత సుగమముగ నుండును! 'నీవు తెలుగులో ఆఫ్ చేయి అనుచున్నావే, ఇంగ్లీషువాడు ఆ చేయి స్థానమున టర్న్ పెట్టి, దానిని ముందుకు దెచ్చినాడు' అన్న నొక్క వాక్యము పట్టికలోని నలువది వరుసల పని చేయును.

రెండవ లోపము కర్మపద స్థానము. నామవాచకమైనచో 'టర్న్ ఆఫ్ ది ఫ్యాన్' అనియు, 'టర్న్ ది ఫ్యాన్ ఆఫ్' అనియు రెండువిధముల జెల్లును. సర్వనామమైనచో 'టర్న్ ఇట్ ఆఫ్' ఒక్కటే చెల్లును; 'టర్న్ ఆఫ్ ఇట్' చెల్లదు. కర్మపదము విశేషణములతో బెరిగి సుదీర్ఘమైనచో దానిని నడుమ నిరికించుట వినుటకు వికారము. అది చివరకే పోవును. గైడులలో గొన్ని యీ నియమమును వ్రాయవు. వ్రాసినవి కారణము చెప్పవు. కారణ మిది: ఇంగ్లీషు వాక్యమున క్రొత్త సంగతికి జివరి పీట, ఎరిగిన సంగతికి నడిమి చోటు. 'ఇట్' అను మాట వినువాని కెరిగిన వస్తువునే సూచించును గనుక దానికి జివరి పీట దక్కదు.

తెలుగు పిల్లవాని కిది చెప్పుట కొక సులువైన యుపాయము కలదు. ఎరిగిన కర్మను మనము తరచుగా జెప్పనే చెప్పము. ఫ్యాను తిరుగుచుండగా 'ఆపివేయి' అందుము. 'దానిని' అనుట యావశ్యకము కాదు. ఇంగ్లీషునకు దానిని విడుచు స్వాతంత్ర్యము లేదు. విడువలేక, ఎత్తిచూపనుజాలక, రెండు ముక్కల నడుమ దాచును. తెలుగు వదలుదాని నింగ్లీషు నడుమ దాచునని విద్యార్థి గుర్తుంచుకొన్నచో 'టర్న్ ఆఫ్ ఇట్' అను పొరపాటునకు జోటుండదు.

విడివడని జంటలును గలవు. 'లుక్ ఎట్ హిమ్' అందుము గాని 'లుక్ హిమ్ ఎట్' అనము. ఇచ్చట 'ఎట్' క్రియకు జెందినది కాదు, నామమునకు జెందినది. 'వానివైపు చూడుము' అన్నప్పుడు 'వైపు' వానిని విడువనట్లే. ఇక 'హి రాన్ అప్ ఎ హిల్' అన్న గొండపైకి బరుగెత్తెననియు, 'హి రాన్ అప్ ఎ బిల్' అన్న బాకీ పెంచుకొనెననియు నర్థము. చూపున కొకే తీరు. సర్వనామమును బెట్టి చూచిన రంగు బయటపడును: బాకీని 'రాన్ ఇట్ అప్' అనవలెను, కొండను 'రాన్ అప్ ఇట్' అనవలెను. తెలుగులో విభక్తివలె నామమున కంటుకొనునది విడివడదు; 'వేయు'వలె క్రియకంటుకొనునది విడివడును. ఈ పరీక్ష నూటికి నూరుపాళ్లు పనిచేయదు. 'లుక్ ఆఫ్టర్' అనగా 'చూచుకొను'. తెలుగు చూపున క్రియలో భాగమే యైనను నిది విడివడదు. 'పుట్ అప్ విత్' వంటి మూడుముక్కల కూటమియు విడివడదు. ఇట్టివానిని మాత్రము వాడుకవలననే నేర్వవలెను. కాని కొలదివానిని జ్ఞప్తియం దుంచుకొనుట వేరు, సర్వమును వల్లించుట వేరు.

మూడవ లోపము ఊనిక. 'టర్న్ ఇట్ ఆఫ్' అన్నప్పుడు గొంతు 'ఆఫ్'పై లేచును. 'లుక్ ఎట్ ఇట్' అన్నప్పుడు 'ఎట్' మ్రింగుడుపడును. విడివడు క్రియను గుర్తించుటకు సాధారణముగా జెవియే చాలును. అచ్చు పట్టికకు గొంతు లేదు, ఉపాధ్యాయునకు గలదు. ఉన్న గొంతు నుపయోగింపక యచ్చుపట్టికను బలకపై నెక్కించుట బోధన కాదు. ఇరువదవ శతాబ్దారంభమున నుత్తర సర్కారులలో బాఠశాలల పరీక్షాధికారిగా నున్న యేట్సు దొర భాషను నోటినుండి చెవికి నేర్పవలెనని వాదించెను. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి సవర భాషను సవరల నోటినుండియే నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును గూర్చిరి. నూరేండ్లకు బైగా గడచినను మన యింగ్లీషు గదిలో నోటికంటె గీతలు గీచిన పట్టికకే గౌరవ మెక్కువ.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. 'పుట్ ఆఫ్ అనకున్న నేమి? పోస్ట్‌పోన్ అనరాదా? పుట్ అప్ విత్ అనకున్న నేమి? టాలరేట్ అనరాదా?' అని. ఈ దారి మనమొక్కరము తొక్కినది కాదు. స్పానిషు మాతృభాషగా గలవారి కివి మిక్కిలి కష్టము. వారి భాషలో లోనికి బోవుట కొక క్రియ, వెలికి వచ్చుట కొక క్రియ, పైకెక్కుట కొక క్రియ. దిక్కు క్రియలోనే యిమిడి యుండును, తోడుమాట యక్కరలేదు. పైగా లాటిను మూలమగు పెద్దమాటలు వారికి బుట్టింటి చుట్టములు. హీబ్రూ భాషీయులు తోడుమాటల జంటలను దప్పించుకొని యొంటి క్రియలనే వాడుచున్నారని డాగుట్, లాఫర్ అను పండితులు 1985లో బ్రకటించిరి. 1989లో హుల్‌స్టైన్, మార్కెనా యనువారు డచ్చివారిని బరీక్షించి, సొంత భాషలో నిట్టి క్రియలున్నవారు సైత మర్థము పైకి దెలియని జంటలను దప్పించుకొందురని చూపిరి. కష్టము సర్వజన సామాన్యము.

కాని తప్పించుకొనుట మాటలాడువాని స్వాతంత్ర్యము. వినువానికా స్వాతంత్ర్యము లేదు. నేను 'పోస్ట్‌పోన్' అనవచ్చును. ఎదుటివాడు 'పుట్ ఇట్ ఆఫ్' అన్నప్పుడు నాకు దెలియవలెను. ఈ భేదము మా తడ వంటి చోట మాటల ముచ్చట కాదు. 2022వరకు నెల్లూరు జిల్లాలో నుండి, యిప్పుడు తిరుపతి జిల్లాలో జేరిన యీ సరిహద్దు మండలమునకు జేరువనే 2008లో శ్రీసిటీ వెలసినది. పెక్కుదేశముల కర్మాగారములు వచ్చినవి. నిన్నటివరకు మన బల్లపై గూర్చున్న పిల్లలు నేడు యంత్రముల యెదుట నిలుచున్నారు. యంత్రముల యొద్ద నెవ్వరును 'ఎక్స్‌టింగ్విష్' అని యరవరు. 'షట్ ఇట్ డౌన్' అందురు. 'టేక్ ఇట్ ఔట్' అందురు. 'గెట్ బ్యాక్' అందురు. 'లేఆఫ్' అను మాట తెలుగు పత్రికలకెక్కినది. అదే క్రియగా విడివడి 'లే దెమ్ ఆఫ్' అని కాగితముపై వచ్చినచో, తన యుద్యోగము పోయినదో లేదో తెలియని స్థితి పట్టభద్రునకు గూడదు. చేతివ్రేళ్లును, జీతమును నొక చిన్నమాటపై నాధారపడి యున్నప్పుడు, ఆ మాటను 'నీచ'మని విడిచి పెద్దమాటను వల్లింపించుట మన పాండిత్యమునకు శోభ కాదు.

మరియొక మార్గము కలదందురు. 1930లో ఆగ్డెను పండితుడు 850 మాటలతో బేసిక్ ఇంగ్లీషును గల్పించి, క్రియలను పదునెనిమిదింటికి దగ్గించెను. చూచుటకు నిది గొప్ప పొదుపు. కాని క్రియలు తగ్గినకొలది, వానికి దోడుమాటలు చేర్చి యర్థములు పుట్టింపవలసి వచ్చినది. మాటలలో మిగిల్చినది జంటలలో వ్యయమైనది. ఇంగ్లీషులో నీ జంటలను దప్పించుకొను దొడ్డిదారి లేదని దీనివలన దేలుచున్నది.

తోడుమాటల తత్త్వము దెలియనివాడు వానిని విడుచుటయే కాక, అక్కరలేని చోట జేర్చును గూడ. మన దేశమున 'కోప్ అప్ విత్' అనియు, 'డిస్కస్ అబౌట్' అనియు, 'రిటర్న్ బ్యాక్' అనియు వినుచుందుము. కావలసినచోట లేమి, అక్కరలేనిచోట కలిమి: ఈ రెండును నొక్క యజ్ఞానముయొక్క రెండు ముఖములు.

చేయవలసినది స్వల్పమే. పట్టికలను క్రియల వరుసను గాక తోడుమాటల వరుసను గూర్పవలెను. 'ఆఫ్' క్రింద వేరగుట, ఆగుట, దూరమగుట యను భావములను జూపి, టేక్ ఆఫ్, టర్న్ ఆఫ్, పుట్ ఆఫ్, లే ఆఫ్ అనువానిని వాని క్రింద నిలుపవలెను. ప్రతి జంటను సర్వనామముతోనే నేర్పవలెను: 'టర్న్ ఆఫ్' అని కాక 'టర్న్ ఇట్ ఆఫ్' అని, 'లుక్ ఆఫ్టర్' అని కాక 'లుక్ ఆఫ్టర్ ఇట్' అని. ఆ 'ఇట్' స్థానమే వ్యాకరణము. పుస్తకము మూయించి, గదిలోనున్న ఫ్యానును, దీపమును, కిటికీని జూపి యాజ్ఞలిచ్చి చేయింపవలెను. చేతితో జేసినది చెవి మరువదు.

గైడు వ్రాయువారి కొక్క మాట. మీ పుస్తకముల వెల మన పేదతండ్రులు చెల్లించుచున్నారు. వారి కొడుకులు పరీక్షలో మార్కు దెచ్చుకొని, పనిలో మేస్త్రీ మాట దెలియక నిలిచినచో, ఆ మార్కు వారికేమి కూడు పెట్టును?