జానెడు గిటారు

జానెడు గిటారూ, నీకు జోహారు.

రాత్రి తొమ్మిది దాటాక మా తిరువూరు మెయిన్ రోడ్డు కాస్త నెమ్మదిస్తుంది. కొత్తగూడెం వైపు పోయే లారీ ఒకటీ అరా దాటినప్పుడు కిటికీ అద్దం సన్నగా అదురుతుంది. ఆ అదురు నేలలోంచి బల్ల కాళ్ళెక్కి నీ తీగల్లోకి కూడా పాకుతుందని నా నమ్మకం. దీపం దగ్గరికి లాక్కుని నిన్ను అరచేతిలోకి తీసుకుంటాను. కోడిగుడ్డు కన్నా తేలిగ్గా ఉంటావు. అయినా పసిబిడ్డను ఎత్తుకున్నట్టు నా రెండో చెయ్యి దానంతటదే వచ్చి నీ తల కింద ఆనుకుంటుంది.

నువ్వు కచేరీ ఎక్కవు. కొట్లో అమ్ముడుపోవు. పొద్దంతా ఎవరి పనో చేసి వచ్చిన ఈ వేళ్ళకు రాత్రిపూట సొంత పని చూపిస్తావు. అందుకే నిన్ను పొగడాలనిపిస్తుంది.

గిటారు స్పెయిన్ నుంచి వచ్చిన వాద్యమే. నీ ఒంటికి మాత్రం నేను వీణ మాటలే పెట్టుకున్నాను. తల మీద తిరిగేవి బిరడాలు. మెడ మీద అడ్డంగా నిలిచినవి మెట్లు. తీగలు ఎక్కడైనా తీగలే. మా ఊరి నుంచి విస్సన్నపేట మీదుగా మామిడితోటల మధ్యన పోతే నూజివీడు వస్తుంది. రసాలకు ఎంత పేరో వీణలకూ అంత పేరున్న ఊరు. పనస మొద్దును ఉలితో తొలిచి కుండ దించే పనివాళ్ళు అక్కడున్నారు. వీణకు మెట్లు మైనం మీద కూర్చుంటాయి. మైనం మెత్తగా ఉన్నప్పుడే మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, మీటి, విని, స్వరం దొరికిన చోట ఆపేస్తారు. అక్కడ చెవే కొలబద్ద. నీ మెట్లు చెవికి అందేవి కావు, వాటిని లెక్కతోనే నిలపాలి.

ఆ లెక్క ఎంత అందమైనదో!

పెద్ద గిటారుకు తీగ మోగే పొడవు 650 మిల్లీమీటర్లు. ఈ కొలతను 19వ శతాబ్దంలో స్థిరపరచినవాడు స్పెయిన్‌లోని అల్మేరియాకు చెందిన ఆంటోనియో దె టోరెస్. వడ్రంగం నేర్చుకుని గిటార్ల పనిలోకి వచ్చినవాడు. ఇవాళ మనం చూసే క్లాసికల్ గిటారు రూపం చాలావరకు ఆయన చేతి చలవే. అందులో నాలుగో వంతు నువ్వు. అంటే నీ తీగ పొడవు 162.5 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే 9.12 వస్తుంది. తల దగ్గర్నుంచి అంత దూరంలో మొదటి మెట్టు. మిగిలిన పొడవును మళ్ళీ 17.817తో భాగిస్తే రెండో మెట్టు. ఇలా పోగా పోగా మెట్ల మధ్య ఎడం తగ్గుతూ వస్తుంది. పన్నెండో మెట్టుకు చేరేసరికి ఎడం 4.8, పంతొమ్మిదో మెట్టు దగ్గర 3.2. పన్నెండో మెట్టు మాత్రం సరిగ్గా తీగ సగంలో వచ్చి నిలుస్తుంది. అక్కడ నొక్కితే షడ్జమం పై స్థాయి షడ్జమం అవుతుంది. వెనకటికి ఈ 17.817 స్థానంలో 18 వాడేవాళ్ళు. 16వ శతాబ్దంలో ఆ పద్ధతిని రాసిపెట్టినవాడు విన్చెంజో గెలీలీ, లూట్ వాయించే విద్వాంసుడు. ఆకాశాన్ని దుర్బిణిలో చూసిన గెలీలియోకు తండ్రి. తండ్రి తీగను కొలిచాడు, కొడుకు గ్రహాలను కొలిచాడు. ఆ ఇంట్లో కొలత ఎంత ముద్దుగా పెరిగిందోనని ఒక్కోసారి అనుకుంటాను.

నిన్ను చేయడానికి దూరం నుంచి ఏమీ తెప్పించలేదు. నీ పొట్ట మీది పలక తెల్ల పొణికి. మా ఊరి మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారే మైలవరం దాటి కొండపల్లికి తీసుకెళ్తుంది. ఆ కొండల కర్ర అది. ఏనుగు అంబారీలకు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడికి, దశావతారాల బొమ్మలకు ఒళ్ళిచ్చిన కర్ర. గోరు దిగేంత మెత్తన, దూదంత తేలిక. కొండపల్లిలో దాన్ని ముందు సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ తీసేస్తారు. అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆ పైన రంగులు అద్దుతారు. నేనూ నీ అతుకులకు మక్కే వాడాను. ఆరాక అది కర్రలో కర్రయిపోతుంది. ఈ పొణికి ఇప్పుడు ఆ పనివాళ్ళకే సరిగ్గా దొరకడం లేదు. కొండల్లో చెట్టు తగ్గిపోతోంది. పొలం గట్టున నాలుగు పొణికి మొక్కలు నాటుకునే చోటున్న రైతెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి నాటండి. సంక్రాంతి కొలువులో బొమ్మలు నిలబడాలంటే ముందు చెట్టు నిలబడాలి.

నీ మెడ మీది నల్లపట్టీ చింతచేవ. మామూలుగా అక్కడ నల్లచేవమాను వాడతారు. నాకు చింతే నచ్చింది. గింజ నీ కీళ్ళను కలిపింది, చేవ నీ మెట్లను మోస్తోంది, ఒకే చెట్టు రెండు చోట్లా నిన్ను కాపాడుతోంది. నీ పక్కలు మామిడి. అరమిల్లీమీటరు మందానికి వచ్చేదాకా చిత్రిక పట్టి, ఆ పొరను నీళ్ళలో నానేసి, స్టీలు గ్లాసులో మరిగే నీళ్ళు పోసి దాని చుట్టూ నెమ్మదిగా వంచాను. తొందరపడితే టప్పున విరుగుతుంది. నడుము దగ్గర లోపలికి ఒంపు తిరగాలి కదా, అక్కడ గ్లాసు పనికిరాదు, సన్నని ఇత్తడి గొట్టం వేడిచేసి పట్టాలి. నాలుగు పొరలు విరిగాయి. అయిదోది ఒంగింది. అది ఒంగినప్పుడు వేళ్ళకు తెలిసిన మెత్తదనం ఇంకా మర్చిపోలేదు. కర్ర ఒప్పుకున్నట్టుగా ఉంటుంది ఆ క్షణం.

తీగల్లో మూడు చేపల గాలానికి కట్టే నైలాన్ పోగులు. మంద్రంలో పలికే మూడూ రాగివి. ఫ్యాన్ల వైండింగ్ షాపుకెళ్ళి 32 గేజి తీగ ఒక బారెడు ఇమ్మన్నాను.

"బారెడుతో ఏ ఫ్యాన్ తిరుగుద్ది బాబాయ్?" అన్నాడా కుర్రాడు.

"ఫ్యాన్‌కి కాదురా, గిటారుకి."

రెండు రోజుల తర్వాత నిన్ను తీసుకెళ్ళి చూపించాను. నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని గానీ నిన్ను ముట్టుకోలేదు. చిటికెనవేలి గోటితో రాగి తీగను ఒక్కసారి మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. డబ్బు తీసుకోలేదు.

చిన్నది కదా, పైకి అలా కనిపిస్తే చాలు, లోపల ఎలా ఉంటేనేం అనేవాళ్ళున్నారు. టోరెస్ 1862లో ఒక గిటారు చేశాడు. వెనక పలక, పక్కలు అన్నీ కాగితం గుజ్జుతో, పై పలక ఒక్కటే కర్రతో. గిటారు ప్రాణం పై పలకలో ఉందని నిరూపించడానికే చేశాడు. ఆ కాగితపు గిటారు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. ఆయన పలక లోపల వెదురు పుల్లల్లాంటి పట్టీలను విసనకర్ర ఈనెల్లా పరిచేవాడు. పలక పలచగా ఉన్నా కుంగకుండా అవి పట్టుకుంటాయి. నీ పొట్టలోనూ ఏడు ఈనెలున్నాయి. అగ్గిపుల్లలను చీల్చి, నునుపు చేసి, విసనకర్రలా పరిచి అతికాను. పలక మూసేశాక వాటిని చూడగలిగిన కన్ను లేదు. బెజ్జంలోంచి టార్చి వేసి చూసినా రెండే కనపడతాయి. మిగతా అయిదూ ఉన్నాయని నీకు తెలుసు, నాకు తెలుసు.

మొదటిసారి చేసినప్పుడు 54 మిల్లీమీటర్ల దగ్గర ఉండాల్సిన ఏడో మెట్టు 55 దగ్గర కూర్చుంది. చూసినవాళ్ళందరూ బాగుందన్నారు. మా ఇంట్లోవాళ్ళు షోకేసులో పెట్టమన్నారు. నాకు నిద్ర పట్టలేదు. ఇక్కడ ఒక మిల్లీమీటరంటే పెద్ద గిటారు మీద నాలుగు మిల్లీమీటర్లు. అంత తప్పిన మెట్టు మీద ఏ పాట వాయించినా పంచమం వంకరగా పలుకుతుంది. నా చేతిలో ఉన్నది అపస్వరమని తెలిసి దాన్ని అద్దం వెనక ఎలా నిలబెట్టను? మెడ విప్పేసి చింతచేవ పట్టీ కొత్తది కోశాను. పంతొమ్మిది గాట్లు మళ్ళీ వేశాను.

నువ్వు మూగదానివని అంటారు, అది నిజం కాదు. తీగ పొడవు సగమైతే, మందానికి తగ్గ బిగువు అలాగే ఉంచితే, నాదం ఒక స్థాయి పైకెక్కుతుంది. నాలుగో వంతైన నీ గొంతు రెండు స్థాయిలు పైన ఉంటుంది. చిన్నబడిన కొద్దీ పైకి పోతూనే ఉంటుంది గిటారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1997లో హెరాల్డ్ క్రెయిగ్‌హెడ్ బృందం సిలికాన్ మీద ఎలక్ట్రాన్ పుంజంతో ఒక గిటారు చెక్కింది. దాని పొడవు మిల్లీమీటరులో నూరో వంతు, మన నెత్తుటి కణమంత. దానికీ ఆరు తీగలున్నాయి. 2003లో అక్కడే చేసిన ఇంకొక గిటారును లేజర్ కాంతితో మీటారు. అది మామూలు గిటారు కన్నా 17 స్థాయిల పైన పలికింది. ఏ మనిషి చెవికీ అందని తారస్థాయి అది. నిన్ను చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో మీటినప్పుడల్లా, ఆ మెట్ల దారిలో కింది రెండు మెట్ల మీద కూర్చున్న పాపాయివి నువ్వని మురిసిపోతాను.

చిన్న వాద్యాన్ని చిన్నచూపు చూసే అలవాటు మన నేలకు లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దు నుంచి ఏకాండి వీణ తీసే చేతులే బల్ల మీద పెట్టుకునే బుల్లి వీణలనూ చెక్కుతాయి. అతిథులకు బహుమతులుగా ఇచ్చే ఆ వీణలకూ కుండ, దండి, మెట్లు, బిరడాలు అన్నీ ఉంటాయి. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఒళ్ళో మాండలిన్ ఎంతుండేది? పడమటి నుంచి వచ్చిన వాద్యం, పొట్టి మెడ, ఇరుకు మెట్లు. మన గమకాలు దాని మీద పలకవన్నవాళ్ళ ఎదుటే పలికించాడు. 1978లో ఆ పిల్లవాడి తొలి కచేరీ జరిగింది మా పాత కృష్ణా జిల్లా గుడివాడలోనే, త్యాగరాజ ఆరాధన సభలో. ఆ సంగతి తలుచుకుంటే నీ ఇరుకు మెట్ల మీద కూడా ఏదో ఒక రోజు ఒక పసివేలు ఆనుతుందేమోనని ఆశ పుడుతుంది.

నిన్న చివరి పూత వేశాను. స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డ ముద్దకు అద్ది, ఆరనిచ్చి, మళ్ళీ అద్ది, పదకొండు పూతలు. పొణికి తెలుపు మెల్లగా తేనె రంగుకు తిరిగింది. మామిడి పక్కల్లో ఇన్నాళ్ళూ కనపడని చారలు లేచాయి. ఏ తోటలో ఎన్నేళ్ళు కాసిన చెట్టో, దాని కొమ్మ వానాకాలాలన్నీ ఆ చారల్లో పడుకుని ఉన్నాయి. పాత చొక్కా ముత్యపుచిప్ప గుండీలోంచి కోసిన చిన్న పలక నీ మెడ మొదట్లో మెరుస్తోంది. తీగలన్నీ దాని మీదుగా ఆరు గాట్లలోంచి దిగుతున్నాయి.

తిరువూరు వస్తే ఇంటికి రండి. గిటారు బల్ల మీదే ఉంటుంది, పక్కన స్కేలు కూడా ఉంటుంది. ముత్యపుచిప్ప దగ్గర సున్నా పెట్టి పన్నెండో మెట్టు దాకా కొలవండి. 81 దాటి పావు మిల్లీమీటరు ఉంటుంది.